2000 నోటు చెల్లుతుందా, చెల్లదా? నోట్లు, నాణేలు ఎక్కడ పుడతాయి, ఎక్కడ ముగుస్తాయి?

తూర్పుగాలి
అందరికీ నమస్కారం. 2000 నోటు సంగతి ఒకసారి తేల్చుకుందామని అడుగుతున్నాను. మా బంధువుల్లో కొందరు అది రద్దయిపోయిందని, ఇక చిత్తుకాగితమేనని అంటున్నారు. చెల్లుతుందనేవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్ల చేతికిస్తే మాత్రం తీసుకోరు. ఇంట్లో పెద్దావిడ దాచుకున్న డబ్బులో 2000 నోట్లు కొన్ని, 2016కి ముందువి 1000 నోట్లు కొన్ని బయటపడ్డాయి. ఆవిడ టెన్షన్ పడుతున్నారు. వీటిని ఏం చేయాలి? అసలు ఏ నోటు ఎప్పుడు చెల్లకుండా పోతుందో నిర్ణయించేది ఎవరు?

చెస్ట్‌తాళం
నమస్తే అండీ. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో చివరి కొన్నేళ్లు కరెన్సీ చెస్ట్‌లో, అంటే రిజర్వ్ బ్యాంకు నోట్లను బ్యాంకు దగ్గర దాచే ఖజానాలో, జాయింట్ కస్టోడియన్‌ని, తాళాలు పట్టుకునే ఇద్దరిలో ఒకణ్ని. ముందు మీ టెన్షన్ తీరుస్తాను.

2000 నోటు రద్దు కాలేదు. 2023 మే 19న రిజర్వ్ బ్యాంకు దాన్ని చెలామణి నుంచి ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. చట్టప్రకారం చెల్లుబాటు అలాగే ఉంచింది. బ్యాంకు శాఖల్లో మార్చుకునే గడువు ముందు సెప్టెంబర్ 30 అన్నారు, తర్వాత అక్టోబర్ 7 దాకా పెంచారు. అది దాటాక బ్యాంకులు తీసుకోవడం మానేశాయి. రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసులు, అంటే నోట్లు జారీచేసే దాని సొంత కార్యాలయాలు మాత్రం తీసుకుంటున్నాయి. అవి దేశం మొత్తం మీద 19. మన తెలుగువాళ్లకు దగ్గరది హైదరాబాద్. అంత దూరం వెళ్లలేకపోతే ఏ పోస్టాఫీసు నుంచైనా ఇన్సూర్డ్ పోస్టులో పంపించవచ్చు, సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

1000 నోట్ల విషయంలో మాత్రం నా దగ్గర మంచి కబురు లేదు. అవి 2016 నవంబర్ 8 అర్ధరాత్రితో చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. వాటికి ఇప్పుడు డబ్బులిచ్చే చోటు లేదు.

నాణేలపెట్టె
@తూర్పుగాలి గారు, ఆ పాత 1000 నోట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం రద్దయిన 500, 1000 నోట్లు రెండూ కలిపి పదికి మించి దగ్గర పెట్టుకోకూడదు. అధ్యయనం కోసం, నాణేల సేకరణ కోసం అయితే 25 దాకా ఉంచుకోవచ్చు. మించితే పదివేలు గానీ, ఆ నోట్ల విలువకు అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. సేకరణలో తిరిగేవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంకో మాట. పాత నోటుకు లక్షలిస్తామని ఫోన్లు చేసేవాళ్లను నమ్మకండి. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగాడంటే వాడు కచ్చితంగా మోసగాడే.

తూర్పుగాలి
పదిలోపే ఉన్నాయండీ. థాంక్స్. అయితే నాకొకటి అర్థం కావడం లేదు. రెండిటినీ వెనక్కే తీసుకున్నారు కదా. ఒకటి ఇప్పటికీ డబ్బు, రెండోది కాదు. ఈ తేడా ఎక్కడొచ్చింది?

చెస్ట్‌తాళం
జనం మూడు వేరు వేరు పనుల్ని కలిపేసి అన్నిటినీ రద్దు అనేస్తున్నారు. ఉన్న గొడవంతా అక్కడే.

మొదటి పని, ముద్రణ ఆపడం. 2 రూపాయల నోటు, 5 రూపాయల నోటు కొత్తగా వేయడం లేదు. కానీ మీ జేబులో ఉన్న పాత 5 నోటు ఈ రోజుకూ చెల్లుతుంది. 2000 నోటు ముద్రణ కూడా 2018-19లోనే ఆగిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా అది చేతులు మారుతూనే ఉంది.

రెండోది, చెలామణి నుంచి తీయడం. బ్యాంకుకు వచ్చిన నోటు మళ్లీ కౌంటర్‌లోంచి బయటికి పోదు. 2023లో 2000 నోటుకు చేసింది ఇదే. 2014లో కూడా ఇలాగే చేశారు, గుర్తుందో లేదో. 2005కి ముందు ముద్రించిన నోట్లన్నీ మెల్లగా వెనక్కి రప్పించారు. ఆ నోట్ల వెనకవైపు కింద ముద్రించిన సంవత్సరం ఉండదు, అదే వాటి గుర్తు. అప్పుడు ఎవరికీ కంగారు కలగలేదు, చాలామందికి ఆ పని జరిగిందనే తెలియదు.

మూడోది, చెల్లుబాటు తీసేయడం. రిజర్వ్ బ్యాంకు చట్టం సెక్షన్ 26లోని రెండో ఉపసెక్షన్ కింద, రిజర్వ్ బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు చేస్తే కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది. అందులో చెప్పిన తేదీ నుంచి ఆ నోటు డబ్బు కాదు. 2016లో జరిగింది ఇది. రిజర్వ్ బ్యాంకు తనంతట తాను ఈ పని చేయలేదు.

మొదటి రెండింటిలో మీ డబ్బు మీ డబ్బే. పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు ఈ తేడా తెలియక భయపడి 2000 నోటును 1500కి, 1600కి ఇచ్చేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

పోటీపరీక్ష
సార్, గ్రూప్స్‌కి చదువుతున్నాను. సెక్షన్ 26 మీద సుప్రీంకోర్టు తీర్పు 2023 జనవరి 2న వచ్చింది కదా, 4-1తో 2016 రద్దును సమర్థించారు. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే విభేదించారు. ఆవిడ అభ్యంతరం ఏమిటో సులభంగా చెప్పగలరా?

నాణేలపెట్టె
నేను చెప్తాను తమ్ముడూ. 1946 జనవరిలో 500, 1000, 10,000 నోట్లను, 1978 జనవరి 16న 1000, 5000, 10,000 నోట్లను రద్దు చేసినప్పుడు ఆర్డినెన్స్ తెచ్చారు. అంటే రద్దు కోసమే ప్రత్యేకంగా చట్టం చేశారు. 2016లో అలా కాకుండా గెజిట్ నోటిఫికేషన్‌తో సరిపెట్టారు. ప్రతిపాదన రిజర్వ్ బ్యాంకు నుంచి కాక ప్రభుత్వం నుంచి మొదలైనప్పుడు సెక్షన్ 26 చాలదు, పార్లమెంటు చట్టమో ఆర్డినెన్సో ఉండాలి అన్నది ఆవిడ వాదన. మిగతా నలుగురు జడ్జీలు సెక్షన్ 26 చాలుతుందన్నారు.

మూడు రద్దుల మధ్య ఇంకో తేడా చూడు. 1946లో, 1978లో రద్దయినవి సామాన్యుడి చేతికి దాదాపు రాని నోట్లు. 2016లో రద్దయినవి కూలి డబ్బులుగా ఇచ్చే నోట్లు. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం అవే, 15.41 లక్షల కోట్ల రూపాయలు. అందులో 15.31 లక్షల కోట్లు తిరిగి బ్యాంకులకు వచ్చేశాయని రిజర్వ్ బ్యాంకే 2018లో లెక్క చెప్పింది. 99.3 శాతం.

మోడరేటర్
2016 రద్దు మంచిదా చెడ్డదా అన్న వాదనకు వేరే చర్చ ఉంది. ఇక్కడ నోటు ఎలా తయారవుతుంది, ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నదానికే పరిమితం కండి. రాజకీయం మీద వచ్చిన పోస్టులు కొన్ని అక్కడికి మార్చాను.

పోటీపరీక్ష
సరే సార్. అయితే అసలు ప్రశ్న. నోటు ముద్రించాలంటే దానికి సరిపడా బంగారం ఉండాలని మా ఊళ్లో అందరూ అంటారు. నిజమేనా?

చెస్ట్‌తాళం
ఒకప్పుడు కొంత నిజం. 1956కి ముందు ఇష్యూ చేసిన నోట్ల విలువలో కనీసం 40 శాతానికి బంగారం, విదేశీ సెక్యూరిటీలు ఉండాలనే నిబంధన ఉండేది. దాన్ని మార్చి కనీస నిల్వ పద్ధతి పెట్టారు. ఇప్పుడు కనీసం 200 కోట్లు, అందులో బంగారం కనీసం 115 కోట్లు ఉంటే చాలు.

అంతమాత్రాన మిగతా నోట్ల వెనక ఏమీ లేదనుకోకు. రిజర్వ్ బ్యాంకు ఇష్యూ డిపార్ట్‌మెంట్ లెక్కలో ప్రతి నోటుకూ ఎదురుగా అంత విలువ గల ఆస్తి కనపడాలి, బంగారమో, విదేశీ సెక్యూరిటీలో, ప్రభుత్వ బాండ్లో. నోటు మీద గవర్నర్ సంతకంతో ఉండే హామీ అందుకే. నోటు అంటే రిజర్వ్ బ్యాంకు తీర్చవలసిన బాకీ.

ఇంకోటి కూడా రాసిపెట్టుకో, పరీక్షలో అడగకపోయినా అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ప్రెస్‌లో అచ్చయిన నోటు ఇంకా డబ్బు కాదు. మా చెస్ట్‌లో కోట్ల రూపాయలుండేవి, అవి మా బ్యాంకువి కావు. రిజర్వ్ బ్యాంకు సొత్తు, మేం కాపలా. ఇద్దరి తాళాలు పడితే గానీ ఆ తలుపు తెరుచుకోదు. మా శాఖ అవసరానికి అందులోంచి తీసిన రోజున రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న మా ఖాతాలో అంత తగ్గిస్తారు, అప్పుడే ఆ నోటు చెలామణిలోకి వచ్చినట్టు. సాయంత్రం మిగిలిన డబ్బు చెస్ట్‌లో వేస్తే ఖాతాలో పెరుగుతుంది, నోటు చెలామణిలోంచి పోతుంది. అదే నోటు పొద్దున డబ్బు, రాత్రికి కాదు, మర్నాడు మళ్లీ డబ్బు.

నీలిసిరా
ప్రింటింగ్ లైన్‌లో ఉన్నవాణ్ని, అయితే మాది మామూలు ఆఫ్‌సెట్ ప్రెస్. నోటు ముద్రణ మీద పిచ్చి ఇష్టంతో తెలుసుకున్నదంతా ఇక్కడ పెడతాను.

కాగితం అంటున్నాం గానీ అది చెక్క గుజ్జుతో చేసింది కాదు, మొత్తం పత్తి పీచు. అందుకే జేబులో పడి ఉతుకులోకి పోయినా ముద్ద కాదు. ఆ కాగితం మధ్యప్రదేశ్‌లో, హోషంగాబాద్ అని పిలిచే నర్మదాపురంలో 1968లో పెట్టిన సెక్యూరిటీ పేపర్ మిల్లులో, మైసూరు మిల్లులో తయారవుతుంది. గాంధీ బొమ్మ వాటర్‌మార్క్, మెరిసే దారం రెండూ ముద్రణలో వచ్చేవి కావు, కాగితం తడిగా ఉన్నప్పుడే అందులో పడతాయి. దొంగనోటు చేసేవాడు మొదట దొరికిపోయేది ఇక్కడే. అచ్చయిన కాగితం మీద వాటర్‌మార్క్‌ని గీసి చూపిస్తాడు. వెలుగుకి పట్టి చూస్తే నీడల్లో మెత్తదనం ఉండదు.

తర్వాత ముద్రణ. ముందు ఆఫ్‌సెట్‌లో నేపథ్యం రంగులు, ముందూ వెనకా ఒకేసారి పడతాయి. ఒకవైపు సగం, రెండోవైపు సగం వేసిన అంకె వెలుగులో కలిసి పూర్తి అంకెగా కనిపించడం ఆ పద్ధతి వల్లే. మా మెషీన్ మీద రెండువైపులా విడివిడిగా వేసేటప్పుడు ఆ కచ్చితత్వం తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తర్వాత ఇంటాగ్లియో. లోహపు ప్లేటు మీద లోతుగా చెక్కిన గీతల్లో చిక్కటి సిరా నింపి, విపరీతమైన ఒత్తిడితో కాగితాన్ని ఆ గీతల్లోకి నొక్కుతారు. గాంధీ బొమ్మ, అశోక స్తంభం గుర్తు చేతికి గరుకుగా తగలడం దానివల్లే. చివర నంబర్లు వేసి, పరీక్షించి, కోస్తారు.

ప్రెస్‌లు నాలుగు. నాసిక్, దేవాస్ ప్రభుత్వ సంస్థ కింద, మైసూరు, పశ్చిమ బెంగాల్‌లోని సాల్బొని రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ కింద. నాసిక్ ప్రెస్ 1928 నాటిది.

తూర్పుగాలి
పరీక్షలో పాడైన నోటు బయటపడితే? ఆ నంబర్ వదిలేస్తారా?

నీలిసిరా
ఆ నంబర్ స్థానంలో వేరే నంబర్‌తో, మధ్యలో నక్షత్రం గుర్తుతో ఇంకో నోటు కట్టలో పెడతారు. 2006 నుంచి ఉన్న పద్ధతి. 2023 జూలైలో నక్షత్రం ఉన్న నోటు దొంగనోటు అని ఎవరో పుకారు పుట్టిస్తే రిజర్వ్ బ్యాంకే కల్పించుకుని అది అసలైనదేనని చెప్పాల్సి వచ్చింది. కట్టలో వందకి వంద ఉండాలి, మళ్లీ అదే నంబర్ అచ్చు వేయాలంటే యంత్రాలు ఆపాలి. అందుకే ఆ ఏర్పాటు.

రైట్‌రైట్
బస్ కండక్టర్‌ని. మీరంతా నోట్ల గురించి మాట్లాడుతున్నారు, నా ప్రాణం మాత్రం 10 రూపాయల బిళ్లతో పోతోంది. చిల్లర ఇస్తే ప్యాసింజర్లు ఇది చెల్లదంటూ గొడవ. వాళ్లిస్తే నేను తీసుకుంటాను, కానీ మళ్లీ ఎవరికీ ఇవ్వలేను. సాయంత్రానికి బ్యాగు బరువెక్కుతుంది. అసలు ఈ బిళ్ల చెల్లదని ఎవరన్నారు?

నాణేలపెట్టె
అన్నా, ఎవరూ అనలేదు. బొమ్మలు వేరువేరుగా ఉండటం వల్ల పుట్టిన పుకారు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు చేసిన బిళ్లల మీద ఆ గుర్తు లేదు. కొన్నిటి మీద అంకె పైన రేకులు 15, కొన్నిటి మీద 10. ఒకటి అసలు, ఒకటి నకిలీ అని జనం తేల్చేసుకున్నారు. 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇచ్చింది, అప్పటిదాకా విడుదలైన 14 రకాల 10 రూపాయల బిళ్లలూ చెల్లుతాయని. 14440కి కాల్ చేస్తే కట్టయిపోయి వాళ్లే తిరిగి చేసి రికార్డు చేసిన వివరం వినిపించే ఏర్పాటు కూడా పెట్టారు.

బిళ్ల సంగతి నోటుకు పూర్తిగా వేరు. నాణేలు రిజర్వ్ బ్యాంకువి కావు, భారత ప్రభుత్వానివి. 2011 నాణేల చట్టం కింద ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో చేస్తారు, రిజర్వ్ బ్యాంకు పంచిపెడుతుంది. సంవత్సరం కింద చూడండి. డైమండ్ గుర్తు ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం కాలంలో మొదలైంది, 1903లో సైఫాబాద్‌కి, తర్వాత చర్లపల్లికి మారింది. సైఫాబాద్ భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలు, అంటే నిజాం రాజ్యపు సొంత నాణేలు కొట్టిన చోటది. ఆ డబ్బు కూడా ఒక్క దెబ్బతో పోలేదు. భారత రూపాయి వచ్చాక కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచి, 1959లో దాని చెల్లుబాటు ముగిసింది.

10 రూపాయల బిళ్లలో బయటి వలయం, లోపలి బిళ్ల రెండు లోహాలు. విడివిడిగా చేసి ఒకదాంట్లో ఒకటి పెట్టి అచ్చు కింద ఒక్క దెబ్బ వేస్తే బొమ్మా పడుతుంది, రెండూ పట్టుకుంటాయి.

రైట్‌రైట్
అంతా బాగానే ఉందన్నా. చట్టం చెప్తే ప్యాసింజర్ వింటాడా? పోనీ బ్యాంకులో వేద్దామంటే ఒక బ్యాంకు కౌంటర్‌లో లెక్కపెట్టే టైమ్ లేదు పొమ్మన్నారు.

చెస్ట్‌తాళం
తమ్ముడూ, ఆ మాట అనకూడదు. నాణేలు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చాలాసార్లు ఆదేశాలిచ్చింది. చట్టంలో 1000 రూపాయల పరిమితి ఉన్న మాట నిజమే. ఒకరికి చెల్లించేటప్పుడు రూపాయి, అంతకుమించిన విలువ గల నాణేలు 1000 రూపాయల దాకా చెల్లుతాయి, ఆపైన అవతలివాడు కాదనవచ్చు. కానీ ఖాతాలో వేసేందుకు బ్యాంకు ఎంతైనా తీసుకోవచ్చు. వందేసి చొప్పున సంచుల్లో కట్టి తీసుకెళ్తే కౌంటర్‌లో వాళ్లకూ సులభం. కాదంటే పేరు, తేదీ రాసుకుని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లవచ్చు.

అసలు ఆ బిళ్ల ఎందుకు చేస్తున్నారో కూడా ప్యాసింజర్లకు చెప్పు. చిన్న నోటు చేతులు ఎక్కువ మారుతుంది, త్వరగా నలిగిపోతుంది. నాణెం దశాబ్దాలు ఉంటుంది. చేయడానికి కొంచెం ఎక్కువైనా అన్నేళ్లు నిలిచాక అదే చవక.

స్పర్శ
నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో ఇదంతా విన్నాను, ఒక విషయం ఎవరూ చెప్పలేదని రాస్తున్నాను.

2016కి ముందు నోట్లను పొడవు వెడల్పులతో గుర్తుపట్టేదాన్ని. కొత్త వరుసలో 100 నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, 200ది 146, 500ది 150. మూడిటికీ వెడల్పు 66. ఒక్కో మెట్టుకీ తేడా 4 మిల్లీమీటర్లు. పక్కన ఇంకో నోటు పెట్టి పోల్చకుండా వేలితో అది తెలియదు. అంచుల్లో గీతలు ఉన్న మాట నిజమే, 100కి నాలుగు, 500కి అయిదు. కొత్త నోటు మీద అవి తగులుతాయి. నలిగిన నోటు మీద అరిగిపోతాయి. మాకు చేతికొచ్చేవన్నీ నలిగినవే.

2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెప్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. మంచిదే. కానీ రద్దీలో నిలబడి, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నోటు పట్టుకుని పరీక్షించుకోవడం ఎంత ఇబ్బందో ఊహించండి. నోటు తయారుచేసేటప్పుడే సైజు తేడా సరిగ్గా పెడితే ఈ యాప్ అవసరమే ఉండేది కాదు. డిజైన్‌ని సిఫారసు చేసేది రిజర్వ్ బ్యాంకు బోర్డు, ఆమోదించేది కేంద్ర ప్రభుత్వం. ఆ గదిలో మాలాంటివాళ్ల మాట వినాలి.

నాణేల్లో మాత్రం ఆలోచించారు. 2019 మార్చిలో విడుదల చేసిన వరుసలో 20 రూపాయల బిళ్లకు 12 అంచులున్నాయి. వేలు పెట్టగానే తెలిసిపోతుంది. @రైట్‌రైట్ గారు, మీరు నాకు చిల్లర బిళ్లల్లో ఇస్తే సంతోషంగా తీసుకుంటాను.

నీలిసిరా
స్పర్శ గారు, గీతలు అరిగిపోవడం గురించి మీరు చెప్పింది మా రంగంలో అందరూ చదవాలి. ఇంటాగ్లియో ఎత్తు నలుగుడికి నిలవదు. ఆస్ట్రేలియా 1988లో ప్లాస్టిక్ నోటు తెచ్చింది. దాని మన్నిక గురించి ఎంతైనా మాట్లాడతారు గానీ, చేతికి తెలిసే గుర్తు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది కూడా అంత ముఖ్యమే.

రైట్‌రైట్
మేడం, తప్పకుండా. మీరెక్కే బస్సు నాదైతే లెక్కపెట్టి ఒక్కొక్కటే చేతిలో పెడతాను.

పోటీపరీక్ష
నలిగిన నోట్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. చివరికి అవి ఏమవుతాయి? కాల్చేస్తారా?

చెస్ట్‌తాళం
పూర్వం కాల్చేవారు. ఇప్పుడు చెస్ట్‌లో వేరుచేసిన నలిగిన నోట్లు రిజర్వ్ బ్యాంకుకు పోతాయి. అక్కడ యంత్రం ఒక్కో నోటునూ లెక్కపెట్టి, అసలుదో కాదో చూసి, పనికిరానిదైతే అక్కడికక్కడే ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని ఒత్తి దిమ్మెలుగా చేస్తారు. పనికిరాని నోటును మళ్లీ ఇష్యూ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు చట్టం సెక్షన్ 27లోనే ఉంది.

నోటు ఆయుష్షు సగం మన చేతుల్లోనే పోతుంది. కట్టలకు పిన్నులు కొట్టడం మానేయమని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. నేను చేరిన కొత్తలో ఆ పిన్నులు పీకి పీకి వేళ్లు చిల్లులు పడేవి, నోటుకీ పడేవి. ముద్రణ ఖర్చు 2024-25లో 6,372 కోట్ల రూపాయలు దాటింది. ఎవరో రాసిన ఫోన్ నంబర్, ఎవరో కొట్టిన పిన్ను అందులో ఉన్నాయి.

తూర్పుగాలి
పెద్దావిడ దాచిన వాటిలో ఒక 500 నోటు చీమలు కొరికేశాయి, కొత్త రకందే. దాని సంగతేమిటి?

చెస్ట్‌తాళం
ఏ బ్యాంకు శాఖకైనా తీసుకెళ్లండి, మీకు అక్కడ ఖాతా లేకపోయినా సరే. కొత్త 500 నోటు విస్తీర్ణం 99 చదరపు సెంటీమీటర్లు. మీ దగ్గరున్న పెద్ద ముక్క 80 దాటితే పూర్తి విలువ. 40కి, 80కి మధ్య ఉంటే సగం. 40 కంటే తక్కువైతే ఏమీ రాదు. 20, అంతకు తక్కువ నోట్లకు సగం పద్ధతి లేదు, సగానికి మించి ముక్క ఉంటే మొత్తం ఇస్తారు. టేపు అంటించి, వేరే ముక్క అతికించి తీసుకెళ్లకండి, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి.

2000 నోట్లు పోస్టులో పంపేటప్పుడు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న దరఖాస్తు నింపి, గుర్తింపు కార్డు కాపీ, ఖాతా వివరాలు జతచేయండి. నోట్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి. రసీదు పారేయకండి.

తూర్పుగాలి
ఖాతా పెద్దావిడ పేరు మీదే ఉంది, ఆధార్ కూడా ఉంది. రేపు పోస్టాఫీసుకు వెళ్తాం. 1000 నోట్లు మాత్రం ఆవిడ దగ్గరే ఉంచమన్నారు.